విమానం పోయేదాకా ఆగే గొంతు

"మీ యాప్‌ల గొంతుకు మతిమరుపు ఉంది మేడం," అన్నాను.

పక్కన నిలబడ్డ అమ్మ నా మోచెయ్యి గిల్లింది. కౌంటర్ వెనక కుర్చీ కిర్రుమంది. నా కుడి కంటికి ఆపరేషన్ కట్టు. ఎడమ కంటికి చిన్నప్పటి నుంచే చూపు తక్కువ. ఎదుట ఒక ఆకుపచ్చ మసక కనిపించింది. అది చీర అయ్యుండాలి.

"మతిమరుపేంది సార్?"

"చదువుకుంట చదువుకుంట ఆగిపోతది. మళ్ల మొదలుపెట్టేటప్పుడు ఎన్కటి రెండు మాటలు మళ్ల చదువుతది. కంప్యూటర్ గట్ల మరిచిపోవుడేంది?"

"గంత పరేషాన్ అయితే వినుడు బంద్ చేయుండ్రి."

"బంద్ చేస్తే ఇగ నాకేముంది మేడం? డాక్టర్ అక్షరం ముట్టొద్దన్నడు."

కాగితం మీద పెన్ను గీసిన చప్పుడు వినిపించింది. "రాసుకున్న. చూస్త," అంది ఆకుపచ్చ మసక, పొడిపొడిగా.

శంషాబాద్ లైబ్రరీలో పూర్ణిమతో నా మొదటి పరిచయం అది.

ఎయిర్‌పోర్ట్ కార్గోలో నా ఉద్యోగం. సరుకుకీ సరుకుకీ మధ్య దొరికే ఖాళీలో పుస్తకం చదవడమే నా జీవితం అనుకునేవాణ్ణి. కట్టు కట్టాక తెలిసింది, నేను పుస్తకాలు చదివింది లోపలి చప్పుడు వినకుండా ఉండటానికని. చదవడం ఆగగానే ఆ చప్పుడు మొదలైంది. చూపు తిరిగి రాకపోతే? ఆ ప్రశ్న నాతోపాటే లేచేది, నాతోపాటే అన్నం తినేది.

అప్పుడే లైబ్రరీ వాళ్లు ఆ యాప్ పెట్టారు. సభ్యత్వం నంబర్ కొడితే తెలుగు పుస్తకాలు వినిపిస్తుంది. అమ్మ ఫోన్ నొక్కి నా చేతికిచ్చేది. చాలా పుస్తకాలు యంత్రం చదివినవే. నేను వింటున్న నవలను మాత్రం మరో గొంతు చదివేది, మెత్తగా, తొందర లేకుండా. చదివినవారి పేరు లేదు. ఇది కొత్తరకం యంత్రం కాబోలు అనుకున్నాను.

ప్రతి చాప్టర్ చివర ఒక మైకు బటన్ ఉండేది, అభిప్రాయం చెప్పడానికి. మొదట "బాగుంది" అన్నాను. తర్వాత "థాంక్స్" అన్నాను. ఆ తర్వాత ఆపుకోలేకపోయాను. చీకటంటే భయమని, అమ్మ నా కంట్లో చుక్కలు వేస్తూ మొహం తిప్పుకుంటుందని, ఈ గొంతు వింటున్నంతసేపూ నాకు కళ్లు ఉన్నట్టే ఉంటుందని చెప్పుకున్నాను. మనుషులకు చెప్పాలంటే వాళ్ల ముఖాలు అడ్డమొస్తాయి. యంత్రానికి ముఖం లేదు.

"పొద్దంత ఎవరితోని రా ముచ్చట?" అంది అమ్మ ఒకరోజు.

"యంత్రంతోని."

"పెండ్లి సంబంధమంటే నోరు తెరవవు. ఆ యంత్రానికి పెండ్లి అయిందేమో అడుగు జర."

మైకు ఆన్‌లోనే ఉంది. అమ్మ మాట కూడా వెళ్లిపోయింది.

కట్టు విప్పిన రోజు అమ్మ ముఖంలో ముడతలు లెక్కపెట్టాలనిపించింది. చూపు వచ్చేసింది. చదవడానికీ డాక్టర్ ఒప్పుకున్నాడు. కానీ నవల చివరి చాప్టర్ యాప్‌లో రాలేదు. ముసురులో తడుస్తూ లైబ్రరీకి వెళ్లాను.

ఆకుపచ్చ మసకకు ఇప్పుడు ముఖం ఉంది. గుండ్రటి కళ్లద్దాలు, చెవి వెనక పెన్ను. నన్ను చూసి లేచింది, ఎందుకు లేచిందో మర్చిపోయినట్టు మళ్లీ కూర్చుంది.

"కళ్లు మంచిగైనయా?"

"అయినయి. చివరి చాప్టర్ యాప్‌ల రాలే మేడం."

ఆ నవలే తెచ్చి నా ముందుకు జరిపింది. "ఇగ మీరే చదువుకోవచ్చు. మీకు అక్కర లేదు గదా అని..."

పైన విమానం. ఆమె ఆగింది. మా వైపు అందరం అంతే. పాఠం చెప్పే సార్ ఆగుతాడు, పోట్లాడుకునే మొగుడూ పెళ్లాలూ ఆగుతారు. ఆమె కిటికీలోంచి వాన చూస్తూ, చప్పుడు పలచబడేదాకా ఓపికగా ఉంది.

"అక్కర లేదు గదా అని, రికార్డ్ చేయలే."

ఆగడం, వెనకటి మాట మళ్లీ అనడం. యాప్‌లో రోజూ విన్నదే.

"ఆ గొంతు మీదా?"

ఆమె తలదించుకుంది.

"మరి విమానం చప్పుడు ఏడ పోయింది?"

"ఆన్‌లైన్‌ల ఒక టూల్ ఉంది. చప్పుడంత తీసేస్తది, గొంతు గూడ జర మారుస్తది. నేను ఆగిన జాగ, మళ్ల చెప్పిన మాట నేనే కోయాలె. అది ఇంక నేర్చుకుంటున్న."

"అయితే నేను మైకుల మాట్లాడినయి?"

"నాకే వస్తయి."

"చీకటంటే భయమన్నది?"

"విన్న."

"మా అమ్మ అన్నది?"

పెదవి కొరుక్కుంది. "అది మళ్లమళ్ల విన్న."

"యంత్రమనుకొని చెప్పుకున్న. మీరు చెప్పొద్దా?" పుస్తకం అక్కడే వదిలి గుమ్మం దాకా నడిచాను.

"మొదటి రోజే చెప్పేదాన్ని," అంది వెనక నుంచి. "మతిమరుపు అన్నరు, కోపమొచ్చింది. తర్వాత చెప్తే మీరు మాట్లాడుడు ఆపేస్తరని భయమైంది. ఇంత పని చేస్తే నాకు థాంక్స్ చెప్పింది మీరొక్కరే. అది గూడ యంత్రానికి చెప్పిండ్రు."

వాన చూస్తూ నిలబడ్డాను. సిగ్గు అనుకున్నదాన్ని తడిమి చూస్తే అడుగున సిగ్గు లేదు. చీకట్లో నేనొక్కణ్ణే లేనన్న మాట ఉంది. అటు చివర ఒక మనిషి, విమానాల మధ్య ఖాళీ చూసుకుని, నా కోసం చదువుతూ కూర్చుంది. అంతకంటే నాకు ఎవరు ఏం ఇచ్చారు?

వెనక్కి వచ్చి పుస్తకం ఆమె వైపు జరిపాను.

"చివరి చాప్టర్ మీరే చదువుండ్రి."

"కళ్లు మంచిగైనయి గదా."

"అందుకే. చదివేటోళ్లను చూసుకుంట వింట."

ఆమె కళ్లద్దాలు తీసి తుడిచింది. తుడవాల్సింది అద్దాలను కాదని ఇద్దరికీ తెలుసు.

"దానికంటే ముందు ఒక ముచ్చట," అన్నాను. "పూర్ణిమ గారూ, నాకు మీరంటే..."

విమానం. పెద్దది. ఇద్దరం ఆగాం. ఆమె ఈసారి కిటికీ వైపు చూడలేదు. చప్పుడు పహాడీ షరీఫ్ వైపు వెళ్లి సన్నబడింది.

"నాకు మీరంటే..."

"ఆ మాట ఇందాక అయింది," అంది నవ్వు బిగబట్టి. "తర్వాతది చెప్పుండ్రి."

చెప్పాను.

ఆమె పుస్తకం తెరిచింది. మొదటి వాక్యం చదివింది. ఆగింది. మళ్లీ అదే వాక్యం మొదటి నుంచి చదివింది.

పైన విమానమేదీ లేదు.