ఆకులు మార్చే చెట్టు

“పిచ్చుకా... అమ్మా పిచ్చుకా...”

పిలుపు చెట్టు పైనుంచి! మా అక్క కాళ్లు అక్కడే అతుక్కుపోయాయట.

పిచ్చుక అంటే మా అక్కే. ఎప్పుడూ కిచకిచమంటుందని కాలేజీలో అందరూ అలాగే పిలుస్తారు. అక్క చదివే యూనివర్సిటీ చెట్ల తోటలో సాయంత్రమైతే ఊరంతా ఉంటుంది. బడిపిల్లలు పాఠానికి, పెద్దవాళ్లు నడకకి. చీకటి పడితే మాత్రం... మూలనున్న ఆ విదేశీ చెట్టు వైపు ఎవరూ పోరు.

ఒకరోజు పొడుగాకులు. మర్నాడు గుండ్రటి ఆకులు! ప్రేమలో ఓడిపోయిన అమ్మాయెవరో దయ్యమై ఆ చెట్టెక్కి, బట్టలు మార్చినట్టు ఆకులు మారుస్తోందని చెప్పుకునేవారు. ఆ మాట వింటే చాలు, నాకు కళ్లనీళ్లు తిరిగేవి.

అక్క ఏడుపు వేరు. ఆకు చూసి చెట్టు పేరు రాసే పరీక్ష. తోటకే గొప్పది కదా, ఈ చెట్టు ఆకు తప్పకుండా ఇస్తారు. “ఇది పక్కచెట్టు ఆకు” అని రాసింది అక్క. తప్పింది. మళ్లీ అదే రాసింది. మళ్లీ తప్పింది. ఈసారీ తప్పితే చదువు మాన్పించేస్తానన్నాడు నాన్న. పరీక్ష రేపే. పగలు ఆకు కోస్తే కాపలావాడు ఊరుకోడు. అందుకే ఆకు కోసి సరిచూసుకుందామని చీకట్లో వెళ్లింది... ఒంటరిగా.

గాలి లేదు. అయినా పైన ఆకులు గలగలమన్నాయి...

తలెత్తింది. కొమ్మ మీద తెల్లగా ఓ ఆకారం. వేలాడుతున్న కాళ్లు. నోట్లో — తళుక్కున సూది!

“అరవకు తల్లీ... నేనే. నిచ్చెన పడిపోయింది.”

వృక్షశాస్త్రం మాస్టారు! తెల్లచొక్కా, చేతిలో దారపుండ, ఒళ్లో పక్కచెట్ల ఆకులు.

“ఏం చేస్తున్నారు సార్?”

“కుడుతున్నా.”

“ఆకులా!”

“నెమ్మదిగా... చెట్టు చచ్చి చాన్నాళ్లయింది.”

నిచ్చెన లేపబోయిన అక్క ఆగిపోయింది. “మరి నేను రాసింది?”

మాస్టారు సూదిలోకి దారం ఎక్కించుకోసాగారు.

“సరే, వస్తా సార్.”

“అమ్మా! ఆగు!... రైటే రాశావు.”

“వినపడలేదు సార్.”

“రైటే!”

“హాస్టల్ దాకా వినపడాలి. లేదంటే తెల్లారేదాకా కుట్టుకోండి.”

కొమ్మ కిర్రుమంది. మాస్టారు దాన్ని రెండు చేతులా వాటేసుకున్నారు. కళ్లు మూసుకున్నారు. తోట దద్దరిల్లేలా అరిచారు—

“చీమలు పట్టాయని మరిగే నీళ్లు పోసి ఈ చెట్టుని చంపింది నేనే! పరువు పోతుందని రోజూ ఆకులు కుట్టింది నేనే! నిజం రాసిన పిల్లకి సున్నా వేసిందీ... నేనేనయ్యా!”