పొగవ్వ పిలుపు

మా ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కట్ట మీద, పాత తూము దగ్గర, చలికాలం తెల్లవారకముందు ఎవరూ ఆగరు. పగలు శేరిగూడ కాలేజీ పిల్లలు అక్కడే ఫోటోలు దిగుతారు. ధైర్యాలన్నీ ఎండ ఉన్నంతసేపే మరి.

బాగా చలి పట్టిన రోజు ఆ చెరువు మీద ఆవిరి లేస్తుంది. మామూలు మంచు కాదు… మనిషి ఎత్తున సుళ్లు తిరుగుతూ, నీళ్ల మీద ఒకదాని వెనక ఒకటి నడిచిపోతుంది. అదే పొగవ్వ అంటారు. పిల్లల్ని పేరుపెట్టి పిలుస్తుందట. పలికితే పట్టుకుపోతుందట.

ఈ సంగతి నాకు చెప్పింది ఇసాక్. తుర్కయాంజాల్ దాకా షేర్ ఆటో నడుపుతాడు. "ఐదు నిమిషాల్ల వస్త" అనడం తప్ప ఇంకో అబద్ధం ఎరగడు.

మొన్నటి చలికాలం ఇసాక్ కూతురు ఇఫ్ఫత్‌కు రాత్రంతా జ్వరం. ఇంకా చీకటి ఉండగానే పిల్లను ఆటోలో వేసుకుని దవాఖానకు బయలుదేరాడు. తూము దగ్గరికి వచ్చేసరికి పొగ కట్ట మీదికి ఎక్కింది. లైటు వేసినా దారి కనబడలేదు. ఆటో ఆపక తప్పలేదు.

అప్పుడు వినబడింది…

"సింధూ…"

చెరువు వైపు నుంచే. మగగొంతు.

సింధు బళ్లో ఇఫ్ఫత్ పక్కనే బెంచీ మీద కూర్చునే పిల్ల. రెండేళ్ల కింద ఈ నీళ్లలోనే పోయింది.

ఇసాక్ వెనక్కి తిరిగి చూస్తే ఇఫ్ఫత్ రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని ఉంది. మళ్లీ పిలుపు… ఈసారి దగ్గరగా. బురదలో అడుగుల చప్పుడు — కట్ట ఎక్కుతోంది — ఆటో రేకు మీద తడిచెయ్యి పడింది.

ఎల్లేశ్. చేపలు పట్టే ఎల్లేశ్, సింధు తండ్రి. మోకాళ్ల దాకా తడిసి వణుకుతున్నాడు.

దెయ్యం కాదని ఇసాక్ ఊపిరి పీల్చుకున్నాడు గానీ, ఆ తర్వాత విన్నది దెయ్యం కన్నా కష్టమైంది. పొగ తగ్గేదాకా ఎల్లేశ్ ఆటోలో కూర్చుని అంతా చెప్పాడట.

పొగవ్వను పుట్టించింది తనే. పొద్దున వలలు తీయడానికి పోతుంటే సింధు వెంటపడేది. ఎండిన రోజుల్లో మట్టి తవ్విన గుంతలు ఇప్పుడు నీళ్ల కింద ఉన్నాయి, కంటికి కనబడవు. పిల్లను భయపెట్టి ఇంట్లో ఉంచాలని ఆ ఆవిరిని చూపించి కథ అల్లాడు. అది వాడంతా పాకింది. దెయ్యం మూడోసారి పిలవదని, మూడుసార్లు పిలిస్తే పలకొచ్చని మనకో ధీమా ఉంది కదా. ఆ ధీమా కూడా ఉండొద్దని ఇంకోటి కలిపాడు… పొగవ్వ ఎన్నిసార్లయినా పిలుస్తుంది, నాయిన గొంతుతోనే పిలుస్తుంది అని.

ఒకరోజు ఎల్లేశ్ మఫ్లర్ మరిచిపోయి వెళ్లాడు. నాయినకు చలేస్తుందని సింధు అది పట్టుకుని వెనకే వచ్చింది. ఇంతలో పొగ లేచింది. పిల్ల కనబడక తల్లి కరుణ కట్ట మీది నుంచి కేకలు వేస్తే, ఎల్లేశ్ వల వదిలేసి ఒడ్డంతా పిలుచుకుంటూ తిరిగాడు. గొంతు పోయేదాకా పిలిచాడు.

పొద్దెక్కి పొగ విచ్చుకున్నాక బురదలో చిన్న అడుగులు కనబడ్డాయి. అన్నీ వెనక్కి నడిచినవే. పిలిచినకొద్దీ ఒక్కో అడుగు వెనక్కి… చివరి అడుగు మట్టిగుంత అంచున ఉంది.

"నా గొంతే ఇసాకన్నా," అన్నాడట ఎల్లేశ్. "ఇన్నది. ఇని గూడ పలకలే. ఒక్కసారన్న పలుకుతదేమోనని పొగ లేసినప్పుడల్లా వస్తున్న."

ఇసాక్ ఇది చెబుతూ ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు, దాచడం ఎందుకు.

వెళ్లేముందు ఎల్లేశ్ ఇఫ్ఫత్ వైపు వంగాడు. పిల్ల ఇంకా నోటి మీద నుంచి చేతులు తీయలేదు.

"పొగవ్వ లేదు బిడ్డా. అబద్ధం. మీ అబ్బా పిలిస్తే పలకాలె… ఎక్కడున్నా పలకాలె."

ఇఫ్ఫత్ మెల్లగా చేతులు దించింది.

"మరి సింధును ఎవలు తీస్కపోయిన్రు చాచా?"



"నేనే బిడ్డా," అన్నాడు ఎల్లేశ్.