రివ్యూకి పంపిన తప్పులు

"ఈ కోడ్ రాసినవాళ్ల కీబోర్డులో స్పేస్ బార్ ఊడిపోయిందా?"

స్కానర్‌ని నడిపే డ్రైవర్ ప్రోగ్రాంలో నేను చేసిన మార్పు మీద ఆ అమ్మాయి పెట్టిన మొదటి కామెంట్ అది. ఒళ్లు మండిపోయింది. మా కోడ్‌లో తప్పులు పట్టడానికి కొత్తగా వచ్చిన రివ్యూయర్ అట. ఆఫీసంతా అప్పుడే హెడ్‌మాస్టరమ్మ అని పేరు కూడా పెట్టేసింది. కుర్చీ వెనక్కి తోసి సరాసరి తన సీటు దగ్గరికే వెళ్లాను.

"కోడ్ పనిచేస్తోంది కదండీ! స్పేసులతో మీకేం పని?"

"పనిచేస్తోందా? కూర్చోండి." స్క్రీన్ నా వైపు తిప్పింది. "ఇక్కడ మీరు వేసిన లాక్ ఉందే, అది బాత్రూం గొళ్లెం లాంటిది. ఒకళ్లు బయటికొచ్చాకే ఇంకొకళ్లు లోపలికెళ్లాలి. మీరేమో ఎర్రర్ రాగానే గొళ్లెం తీయకుండా కిటికీలోంచి దూకి పారిపోతున్నారు. బయట నిలబడ్డవాళ్ల గతేంటి?"

నవ్వు ఆపుకోలేకపోయాను. తనూ నవ్వింది. ఎడమ బుగ్గ మీద సొట్ట పడింది. అంతే, నా పని అయిపోయింది!

లాక్ సంగతి ఆ రోజే సరిచేశాను. స్పేసులు మాత్రం కావాలనే అక్కడక్కడా తప్పుగా పెట్టి పంపేవాణ్ణి. కామెంట్ వచ్చేది. సందేహం అంటూ తన దగ్గరికి వెళ్లేవాణ్ణి. చీవాట్లు తినేవాణ్ణి. అబ్బ, ఎంత కమ్మగా ఉండేవో ఆ చీవాట్లు!

శుక్రవారం మా టీమ్ లీడ్ నా నెత్తిన పిడుగు వేశాడు.

"సాయంత్రం ఐదింటిలోగా ఆ అమ్మాయి అప్రూవ్ చేయకపోతే ఈ రిలీజ్‌లో నీ మార్పు ఉండదు, ఈ టీమ్‌లో నువ్వూ ఉండవు. స్పేసులు పెట్టడం కూడా రానివాడితో నేను వేగలేను బాబూ!"

చచ్చినట్టు అన్నీ సరిచేసి పంపాను. ఇంక ఏ వంక పెట్టుకుని వెళ్లను తన దగ్గరికి? దిగాలుగా కూర్చున్నాను.

నాలుగున్నర దాటింది. అప్రూవల్ రాలేదు. బయట వాన దంచి కొడుతోంది. ఆగలేక పరుగెత్తాను.

"ఇంకా ఏం తప్పుందండీ?"

"అదే వెతుకుతున్నా," అంది స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా. "ఒక్కటంటే ఒక్కటి దొరికి చావట్లేదు."

"మరి అప్రూవ్ చేసేయొచ్చు కదా! నన్ను టీమ్‌లోంచి గెంటేస్తారు!"

"చేసేస్తే ఇంక మీరు ఇటువైపు రారు కదా!" గబుక్కున అనేసి నాలిక్కరుచుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. "కావాలనే తప్పులు పెడుతున్నారని నాకు తెలీదనుకున్నారా? ఒకేసారి చెప్పాల్సినవి నేను రోజుకొకటి చెప్పలేదూ?"

తన కుర్చీ వైపు ఇంకో అడుగు వేశాను.

"మీరంటే నాకిష్టమండీ. కోడ్ ఉన్నా లేకున్నా వస్తా. సోమవారం వస్తా, మంగళవారం వస్తా, పొమ్మన్నా వస్తా!"

"టైమైపోతోందమ్మా!" అవతలి నుంచి లీడ్ కేక పెట్టాడు.

తను అప్రూవ్ నొక్కేసి, బ్యాగు భుజాన వేసుకుని లేచింది.

"సోమవారం దాకా ఆగమంటారా నన్ను?"