జంటకట్టు

2074 నాటికి ఆత్రేయపురంలో పూతరేకులు మడిచే పని యంత్రాలది. నెయ్యి రాయడం, పంచదార చల్లడం, పెట్టెల్లో సర్దడం అన్నీ అవే చూసుకుంటాయి. వేడి కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ లాగి, కాగితం కంటే పల్చటి రేకును చిరక్కుండా ఒలిచే పని మాత్రం ఇంకా ఆడవాళ్ళ చేతులదే. అంతంత తెలివి మీరిన యంత్రాలూ ఆ ఒక్కచోట నలభై ఏళ్ళుగా చతికిలబడుతూనే ఉన్నాయి.

హంసిక బొటనవేలు పాడైంది అందుకే. రోజుకు మూడువందలసార్లు మణికట్టు తిప్పి ఒలిచీ ఒలిచీ, వేలి మొదట్లో తాడులాంటి స్నాయువు వాచి, తన ఒరలోనే ఇరుక్కుంది. మంచినీళ్ళ గ్లాసు ఎత్తినా ప్రాణం పోయినంత పనయ్యేది.

డాక్టర్ చైత్రిక బల్లమీద రెండు వస్తువులు పెట్టింది. ఒకటి బొటనవేలి నుంచి ముంజేయి సగం దాకా పట్టి ఉంచే స్ప్లింట్. రెండోది సన్నటి కడియం.

"వీటిని జంటకట్టు అంటామండి. ఈ స్ప్లింట్ మీ మణికట్టును సగానికి మించి వంగనివ్వదు. లోపలి సెన్సర్ పొర నొప్పి సంకేతాన్ని నరం దగ్గరే పట్టేస్తుంది. మీకు తిమ్మిరి తప్ప ఏమీ తెలీదు. కానీ ఆ సంకేతం ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదండీ. ఈ కడియం పెట్టుకున్నవాళ్ళకి పోతుంది."

"నా నొప్పి ఇంకోళ్ళు పడతారాండి?"

"అవునండి. వాళ్ళు అబ్బా అనగానే మీరు పని ఆపెయ్యాలి. రోజుకి వంద రేకులే. ఇరవై రోజులు అలా చేస్తే వాపు దిగిపోతుంది. మొండికేస్తే స్నాయువు తెగుతుంది. ఆ పైన ఈ వేలితో రేకు ఒలవలేరు."

కడియానికి చెయ్యి చాచింది, తోటి పనివాళ్ళతో కలిసి వెంట వచ్చిన తోడికోడలు తన్విత.

వాళ్ళిద్దరికీ నాలుగేళ్ళుగా మాటల్లేవు. అత్తగారు పోయేముందు, ముప్ఫై ఏళ్ళు పదునెక్కిన తన కుండను చిన్నకోడలు తన్విత చేతిలో పెట్టింది. పాతికేళ్ళు పక్కన కూర్చుని పనిచేసిన పెద్దకోడలు హంసిక చూస్తూ ఉండిపోయింది. అప్పటినుంచీ ఒకే షెడ్డులో, మూడు కుండల ఎడంలో, ఎవరి పని వాళ్ళదే. ఇప్పుడు నలుగురిలో మంచి అనిపించుకోవడానికే తన్విత ముందుకొచ్చిందని హంసిక అనుకుంది.

కట్టులోని వేలు పరాయివాళ్ళదిలా ఉండేది. పిండి తడి తెలియదు, కుండ సెగ తెలియదు. అత్తగారి కుండ చెయ్యిమారిన రోజు నుంచి హంసిక మనసుదీ అదే పరిస్థితి కాబట్టి ఆమెకది కొత్తగా అనిపించలేదు. మొదటిరోజు వందో రేకు దాటగానే తన్విత "అబ్బా" అని బొటనవేలు పట్టుకుంది. హంసిక ఆగింది. రెండోరోజూ ఆగింది.

మూడోరోజు ఆ "అబ్బా" విన్నప్పుడు ఆమెకు లోపలెక్కడో కాస్త హాయిగా అనిపించింది. ఇన్నాళ్ళకు ఏదో ఒకటి అనిపించింది. ఇంకో రేకు లాగింది. మళ్ళీ "అబ్బా". ఇంకో పది లాగింది.

"అక్కా, ఇంక చాల్లే. తట్టుకోలేకపోతన్నాను," అంది తన్విత. నాలుగేళ్ళలో అదే మొదటి మాట.

"కుండ తీసుకున్నావుగా, ఇదీ తీసుకో," అంది హంసిక.

రోజురోజుకీ లెక్క పెంచుకుంటూ పోయింది. పదహారోరోజు రెండువందల డెబ్బయ్యో రేకు సగంలో చిరిగింది. హంసిక వేలి వంక చూసింది. లెమ్మంటే అది లేవడం లేదు. నొప్పి మాత్రం లేదు.

"తెగిపోయిందండి," అంది చైత్రిక స్కాన్ చూసి.

"తెగినప్పుడు తనకి బాగా నొప్పెట్టిందాండి?"

తన్విత తీసిచ్చిన కడియాన్ని చైత్రిక బల్లమీద పెట్టింది. "కడియంలో ఏమీ లేదండి. ఉత్త ఇత్తడి. మొదట్లో స్ప్లింట్ ఒక్కటే ఇచ్చేవాళ్ళం. నొప్పి లేదు కదాని రెట్టింపు పనిచేసి అందరూ వేళ్ళు పోగొట్టుకున్నారు. ఇంకొకరికి నొప్పెడుతుందంటేనన్నా ఆగుతారని ఈ కడియం పెట్టాం. రెండువందల జంటల్లో మిగతా అందరూ ఆగారు. మీరొక్కరే ఆగలేదు."

"మరి తను అరిచిందేంటండి?"

"వంద దాటగానే అబ్బా అనమని మేమే చెప్పాం. రోజూ కూర్చుని మీ రేకులు లెక్కపెట్టుకునేవారు. మీరు ఆగట్లేదని ఇంకా గట్టిగా అరిచేవారు."

హంసికకు సిగ్గు రావాలి. రాలేదు. ఏడుపూ రాలేదు. కట్టున్న చేతిని చైత్రిక ముందుకు చాచింది.

"ఈ కట్టు తీసెయ్యండి."

"తీస్తే నొప్పి తెలుస్తుందండి."

"తెలియనివ్వండి."

పట్టీలు ఒక్కొక్కటే ఊడాయి. తిమ్మిరి దిగి, పదహారు రోజుల నొప్పి ఒక్కసారిగా మోచేతి దాకా పాకింది. హంసిక పళ్ళు బిగపట్టింది. నోరు విప్పలేదు.

ఎదురు కుర్చీలో తన్విత కూర్చుని ఉంది. కడియం బల్లమీదే ఉంది.

"అబ్బా," అంది తన్విత, తన బొటనవేలు గట్టిగా పట్టుకుని. ఈసారి ఆమెను అలా అనమని ఎవరూ చెప్పలేదు.