పంపులో ఎర్రపొడి

“నా కొడుకును ఎవరో చంపాలని చూస్తా ఉండారు, మేడమ్.”

బ్రూక్‌ఫీల్డ్‌లోని ఆ చిన్న ఆఫీసులో కదిరమ్మ కుర్చీ అంచునే కూర్చుంది. డిటెక్టివ్ కాత్యాయని కళ్లార్పకుండా వింటోంది. ఆమె అసిస్టెంటు శామ్యూల్ రాసుకుంటున్నాడు.

కదిరమ్మ కొడుకు ఓబులేష్, స్నేహితుడు అభిజిత్‌తో కలిసి బొమ్మసంద్ర షెడ్డులో ఇద్దరు కూర్చునే విమానం కడుతున్నాడు. ఇంజినుకు పెట్రోలు అందించే పంపు పాడైంది. ఇంజినుతో తిరిగే పంపే మేలని అభిజిత్, కరెంటు పంపే కావాలని ఓబులేష్ నెల్లాళ్లు కొట్లాడుకున్నారు. ఓబులేష్ మాటే నెగ్గింది. తీరా కొత్త పంపు బిగించి నడిపితే ఇంజిను నాలుగు నిమిషాలకే ఆగింది. విప్పి చూస్తే లోపల ఎర్రపొడి! అభిజిత్ రెక్కలకు కలిపే రంగుపొడీ ఎరుపే.

“అదే ఆకాశంలో ఆగుంటే?” అంది కదిరమ్మ. రోజుకు పదిసార్లు ఆ విమానం ఆమె కళ్లముందు కూలుతూనే ఉంది. భర్త లారీతో ఊళ్లమీద ఉంటాడు. కొడుకు షెడ్డులోనే పడుకుంటాడు. భయమేసినప్పుడు చెప్పుకుందామంటే ఇంట్లో గోడలు తప్ప ఎవరూ లేరు.

“పంపు నేరుగా షెడ్డుకే వెళ్లిందా?”

“లేదు మేడమ్. నగర్తపేటలో మా ఇంటికి తెచ్చినాడు. మూడు నెలలకు ఆ పొద్దే ఇంట్లో అన్నం తిన్యాడు.”

కాత్యాయని ముందు ఆ ఇల్లే చూస్తానంది. కదిరమ్మ కాఫీ ఇచ్చి, దేవుడి గూట్లోంచి బొటనవేలంత నీలం ప్లాస్టిక్ గిన్నెలు తీసి బొట్టు పెట్టింది.

“కుంకుమ మీరే చేస్తారా అమ్మా?”

“అంగట్లోది మంట తల్లీ.”

సాయంత్రం షెడ్డులో స్నేహితులిద్దరూ విమానానికి చెరోపక్క, కదిరమ్మ గుమ్మం దగ్గర నిలబడ్డారు. కాత్యాయని ఒక కాగితం మీద అభిజిత్ రంగుపొడి, మరోదాని మీద పంపులో దొరికిన పొడి పోసి, రెండింటి మీదా నిమ్మకాయ పిండింది. మొదటిది ఎర్రగానే ఉంది. రెండోది పసుపుపచ్చగా మారింది.

“పసుపూ సున్నమూ కలిపి చేసిన కుంకుమ ఇది. నిమ్మరసం తగిలితే మళ్లీ పసుపైపోతుంది. ఓబులేష్, కొత్త పంపు రెండు మూతులకూ మూతలుంటాయి కదా?”

“పెట్టె విప్పినప్పుడు లేవు మేడమ్. రాలేదేమో అనుకున్నా.”

“వచ్చాయి. నీలం రంగువి. మీ అమ్మ వాటిలో పసుపు, కుంకుమ పెట్టుకున్నారు.”

“మేడమ్, ఎప్పుడు తెలిసింది మీకు?” శామ్యూల్ పెన్ను ఆగిపోయింది.

“బొట్టు పెట్టించుకున్నప్పుడు.”

కదిరమ్మ నేలమీద కూర్చుని కొడుకు వైపు చూసింది. “కొత్త మిషను కదప్పా... మొకం మూసి పూజ చేస్తారా ఎవురన్నా? నువ్వు అన్నం తింటా ఉంటే పెట్టె విప్పి, మూతలు తీసి కుంకుమ దండిగా చల్లినా. నువ్వు తిడతావని పైన తుడిచేసినా. నీకేమీ కాకూడదనే...” ఇన్నాళ్లూ ఆమె వెతికిన హంతకుడి చేతులు ఆమె ఒళ్లోనే ఉన్నాయి.

అభిజిత్ నిట్టూర్చాడు. “నన్ను హంతకుణ్ణి చేసినావు కదరా. ఇప్పుడన్నా నా పంపు తెస్తావా?”

“రెండూ బిగిద్దాం. ఒకటి ఆగితే ఇంకొకటి ఉంటుంది,” అన్నాడు ఓబులేష్ తలెత్తకుండా.

“ఆ పంపు గూడా పూజకు ఇంటికి తెస్తావా అప్పా?” కదిరమ్మ గొంతు ఆమెకే వినబడలేదు.

ఓబులేష్ చేతిలోని పానా కింద పెట్టాడు.

“గురువారం వస్తా. మూతలు మాత్రం తీయొద్దు మా.”

“తీయను. నువ్వు తినేంతసేపూ దాని దిక్కే చూడను.”