డివైడర్ సందు కాడ

కొండపాక దాటినంక హైవే డివైడర్‌కు ఒక సందు ఉంది. పొద్దుగూకితె గాడ ఎవ్వరు నిలవడరు. రోడ్డు దాటవోయి సచ్చిన ఒకామె తెల్లచీర కట్టుకొని ఇంక గాడనే తిరుగుతుందట... లారీలకు అడ్డమొస్తదట.

పరుపులు కుట్టే షబ్బీర్ చెప్పిన ముచ్చట ఇది.

ఒకనాడు ఆయన బిడ్డ అర్షీన్‌కు జొరం. మాపటికి ఒళ్లు కాలిపోతుంది. కండ్లు తేలేస్తుంది. ఊర్ల ఒక్క ఆటో దొరకలే. పిల్లను సైకిల్ రాడ్ మీద కూసోవెట్టి, దుపట్టతోని తన నడుముకు కట్టుకొని బయల్దేరిండు. దవాఖాన రోడ్డుకు అవతలి దిక్కున్నది.

సందు కాడ లైట్లు లెవ్వు. లారీలు, కార్లు, బస్సులు — ఒకదాని ఎనక ఒకటి. ఆ గాలికి సైకిలే ఊగుతుంది. అడుగు ముందుకేస్తె హారన్. చెయ్యి ఊపిండు. మొత్తుకున్నడు. దండం వెట్టిండు. ఎవ్వరు ఆగలే.

"అబ్బా... నీళ్లు..." అని తండ్రిని అడిగింది అర్షీన్.

మళ్ల మాట్లాడలే. మెడ వాల్చేసింది.

ఇగ ఏదైతె అదైతదని, కండ్లు మూసుకొని సైకిల్ ముందుకు తోసిండు —

కిర్రుమని బ్రేకులు!

కండ్లు తెరిస్తె... రోడ్డు నడిమిట్ల తెల్లగ ఒక ఆకారం. మొఖం కనవడుతలేదు. రెండు చేతులు చాపి నిలవడ్డది. బారెడు దూరంల లారీ ఆగింది. లోపల డ్రైవర్ మెడల తాయెత్తు పట్టుకొని బిర్రబిగుసుకపోయిండు.

"యా అల్లా!" — షబ్బీర్ సైకిల్ తోసుకుంట ఉరికిండు. ఎనకకు మర్రి చూడలే.

దవాఖానల సూదులిచ్చిన్రు, సెలైన్ ఎక్కిచ్చిన్రు. పిల్ల బతికింది.

మర్నాడు పొద్దుగూకినంక ఇంటికి మళ్లిన్రు. మళ్ల గదే సందు. మళ్ల గవే లారీలు. షబ్బీర్ దువా చదువుకుంట నిలవడ్డడు.

పక్క పొదల్లకెళ్లి తెల్లచీర లేచింది.

ఆయన పిల్లను దగ్గరికి గుంజుకున్నడు. అప్పుడు అర్షీన్ చెవుల మెల్లగ అన్నది —

"అబ్బా... దెయ్యం దగ్గుతుంది."

నిజమే. కొంగు అడ్డం వెట్టుకొని ఒకటే తీరుగ దగ్గుతుంది. దగ్గు ఆగక కొంగు తీసింది... వాళ్ల ఊర్ల బీడీలు చేసే అంజవ్వ!

"అవ్వా... నువ్వా?"

"మెల్లగ మాట్లాడు కొడుకా. నా బిడ్డ యాదలక్ష్మి సైకిల్ మీద పనికి వోతుంటె గీడనే పానం వోయింది. లైట్లు పెట్టున్రి, బండ్లు మెల్లగ వోయేటట్టు చెయ్యున్రి అని తిరగని ఆఫీసు లేదు. చూస్తమన్నరు. నేనే వచ్చి చేతులూపిన. మనిషికి ఒక్కడు ఆగలే. దెయ్యానికి ఆగుతున్రు."

"ఎవడన్న ఆగకపోతె ఎట్లవ్వా?"

దూరంగ లైట్లు దగ్గరికొస్తున్నయి. అంజవ్వ కొంగు మొఖం మీదికి గుంజుకున్నది.

"పిల్లను గట్టిగ పట్టుకో," అని రోడ్డు మీదికి నడిచింది.