ప్రాణం తీయని ఆయుధం

“ఇది ప్రాణం తీయదు. నాన్-లీథల్,” అంటూ చీఫ్ బల్ల మీద ఒక స్క్రూడ్రైవర్ పెట్టాడు. పిడి నొక్కితే కొసలోంచి మత్తు సూది దూసుకుపోతుంది. తగిలిన మనిషి నిలుచున్నచోటే కూలబడతాడు.

నిదానం దాన్ని చేతిలోకి తీసుకోలేదు. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అందరూ పిలిచేది ‘నిదానం’ అన్న ఆ పేరుతోనే.

“ఎవరి ప్రాణం తీయదు సార్?”

“మళ్లీ మొదలెట్టావా?”

మొదలెట్టక ఏం చేస్తాడు? అప్పట్లో అతని తమ్ముడు పాల ప్యాకెట్ కోసం వీధి చివరికి వెళ్లాడు. అక్కడేదో గొడవ. పోలీసులు కాల్చిన రబ్బరు గుండు వచ్చి కణతకి తగిలింది. అదీ నాన్-లీథలే. దూరం నుంచి, కాళ్లకి గురిపెట్టి కాల్చాలని దాని పెట్టె మీదే రాసి ఉంటుందట. “చంపని గుండుతో ఎలా చచ్చిపోయాడ్రా?” అని అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. నిదానం తల వంచుకుని చెప్పులేసుకుంటాడు.

చీఫ్ కళ్లు నులుముకున్నాడు. “విను. విదేశీ ముఠా కెమిస్ట్ ఇవాళ హోటల్‌కి వస్తున్నాడు. ఊళ్లో ఎక్కడో విషవాయువు సిలిండర్లు దాచాడు. టైమర్ నడుస్తోంది. చోటు తెలిసింది వాడొక్కడికే. ప్రాణాలతో కావాలి. వాడి సెక్రటరీగా మన ఏజెంట్ ‘నెమలి’ ఉంది. చెవిపోగు సవరించుకోవడమే ఆమె సైగ. వెంటనే కొట్టు.”

“ఆరోగ్యం?”

“గుర్రంలా ఉన్నాడని నెమలి రిపోర్ట్. నిదానమే ప్రధానమని కూచోకు. పోయినసారి నీ నిదానానికి ఒకడు గోడ దూకి పారిపోయాడు.”

“దూకాడంటే బతికే ఉన్నాడుగా సార్.”

మధ్యాహ్నానికల్లా నిదానం నూనె మరకల చొక్కాలో లిఫ్ట్ మెకానిక్ అయ్యాడు. చేసిన మొదటి పని, బాగున్న లిఫ్ట్‌ని పాడుచేయడం. అది అతని పాత పద్ధతి. మనిషి గురించి కాగితాలు చెప్పనిది మెట్లు చెబుతాయి. నొప్పెడుతున్న మోకాళ్లు పట్టుకుని, మెట్ల మలుపులో పనిముట్ల పెట్టె ముందు చతికిలబడ్డాడు.

ముందు సెంటు వాసన వచ్చింది, దాని వెనక నెమలి. నెమలికంఠం రంగు పట్టు గౌను, ఎత్తు మడమల చెప్పులు. అన్ని మెట్లెక్కినా నుదుట చెమట చుక్క లేదు.

“వాన పడేలా ఉందా?” అంది కోడ్ ప్రకారం.

“గొడుగు ఇంట్లో మరిచిపోయానమ్మా.”

తర్వాత కెమిస్ట్. మెట్టుకో మారు గోడ పట్టుకుంటున్నాడు. పెదవులు నేరేడుపండు రంగుకి తిరిగాయి. చీలమండలు బూట్ల మీదికి పొంగాయి. మాట రాక చెయ్యి చాపాడు. నెమలి వెతుక్కోకుండానే హ్యాండ్‌బ్యాగ్ పక్క అరలోంచి మాత్ర తీసి అరచేతిలో పెట్టింది. అతను దాన్ని నాలుక కింద పెట్టుకున్నాడు.

ఆమె చెవిపోగు సవరించుకుంది.

నిదానం కదల్లేదు. ఆ మాత్ర అందించడం అలవాటైన చెయ్యి అది. గుర్రంలా ఉన్నాడని రాసిందీ ఆ చెయ్యే. ఈ సూది గుర్రానికైతే నిద్ర, ఈ గుండెజబ్బు మనిషికి సమాధి. కెమిస్ట్ నోరు శాశ్వతంగా మూతపడుతుంది, సిలిండర్లు తెరుచుకుంటాయి, నింద డిపార్ట్‌మెంట్ నెత్తిన పడుతుంది. ముఠా చేతికి మట్టంటదు. నెమలి ఇప్పుడు వాళ్ల మనిషే.

“ఏంటా చూపు? కొట్టు!” అంది పళ్లబిగువున. “చావడులే, మత్తేగా!”

“అదే చూస్తున్నానమ్మా.”

ఆమె చెయ్యి బ్యాగ్‌లోకి పోయింది. పిస్టల్ పైకి లేచేలోపు నిదానం స్క్రూడ్రైవర్ పిడి నొక్కాడు. సూది ఆమె భుజంలో దిగింది. నెమలి పురి ముడుచుకున్నట్టు మెట్టు మీద ఒరిగింది. పిస్టల్‌ని కాలితో పక్కకి తోసి, అతను ముందు ఆమె నాడి చూశాడు. కొట్టుకుంటోంది.

కెమిస్ట్ గోడకి జారగిలబడ్డాడు. “నన్ను… చంపమందా?”

“లేదు బాబూ. పడుకోబెట్టమంది. సిలిండర్లెక్కడ?”

కెమిస్ట్ సోలిపోయిన ఆమె వంక చూశాడు, తర్వాత తన అరచేతి వంక.

“రైల్వే స్టేషన్… కింద ఫ్యాన్ల గది.”

నిదానం కాలర్ మైక్‌లో ఆ మాట చెప్పి అతని పక్కనే కూర్చున్నాడు. ఇద్దరూ ఒకేలా ఆయాసపడుతున్నారు. చివరికి చెవిలో చీఫ్ గొంతు పలికింది.

“ఆపేశాం. ఇంకొక్క క్షణమైతే ఊరు ఊరంతా పోయేది. సూది పనిచేసిందా?”

“ఈసారికి.”

“స్ట్రెచర్లు పంపించాను. కానీ లిఫ్ట్ పాడైందంటున్నారేంటయ్యా, బాగుచెయ్యి!”

నిదానం మోకాళ్లు ఒత్తుకుంటూ చెప్పాడు.

“పాడుచేయడమే నేర్పారు సార్. బాగుచేయడం ట్రైనింగ్‌లో లేదు.”